పనివారి మిత్రుడు రాబర్టు ఓవెను

మన బడులలో క్రిస్మసునకు ముందు పిడికెడు బియ్యము పోగుచేయు ఆచారము గలదు. తల్లి వంటకు బియ్యము కొలుచుకొనునప్పుడు ఒక పిడికెడు వేరుగా తీసి కుండలో వేయును. ఆ బియ్యము పిల్లల చేతులమీదుగా బడికి వచ్చి, అక్కడనుండి పేదల ఇండ్లకు చేరును. ఇది చిన్నదైనను మంచి పని. అయితే, ఆ బియ్యము పుచ్చుకొనువారు ఏడాది పొడవునను ఒళ్లు వంచి పని చేయువారే గదా, వారి కుండ ఏల నిండకున్నదని ఒక బాలుడు మమ్ము అడిగినయెడల మేమేమి చెప్పుదుము? ఈ ప్రశ్నను నూలుమిల్లు నడుమ నిలిచి తన్ను తానడుగుకొని, చేతనైన జవాబు చేసి చూపిన యొక మనుష్యుని చరిత్రమును ఈ సంచికలో వ్రాయ దలంచితిమి. అతడే రాబర్టు ఓవెను.

వేల్సు దేశమున న్యూటౌను అను చిన్న ఊరు గలదు. అచ్చట 1771వ సంవత్సరము మే నెల 14వ తేదీన ఓవెను జన్మించెను. తండ్రి గుఱ్ఱపు జీనులు కుట్టుచు, ఇనుప సామాను అమ్ముచు, ఊరి తపాలా పనికూడ చూచుకొనుచుండెను. ఏడుగురు బిడ్డలలో రాబర్టు ఆరవవాడు. పసితనమున ఒకనాడు బడికి తొందరపడి, మరుగుచున్న జావను నోట పోసికొని కడుపు కాల్చుకొనెను. నాటినుండి అతనికి మితాహారమే సహించెడిది. ఏడవయేటికే బడిలో నేర్పు చదువంతయు నేర్చి, రెండేండ్లు ఉపాధ్యాయునికి తోడుగా చిన్నపిల్లలకు పాఠములు చెప్పెను. తొమ్మిదవయేట బడి ముగిసెను. పదవయేట ఇల్లు విడిచి బ్రదుకు వెదకికొన బయలుదేరెను.

స్టాంఫర్డు అను ఊరిలో మెక్‌గఫోగు అను బట్టల వర్తకుడుండెను. ఓవెను అతని యొద్ద పని నేర్చుకొన కుదిరెను. మొదటి యేడు కూడును వసతియు మాత్రమే. రెండవ యేట 8 పౌనులు, మూడవ యేట 10 పౌనులు జీతము. ఆ వర్తకుడు నెమ్మది గలవాడు, నిజాయతీపరుడు. అతని ఇంట మంచి పుస్తకములుండెను. పని లేనప్పుడెల్ల బాలుడు వానిని చదువుచుండెడివాడు. బడి మానినంత మాత్రమున చదువు మానలేదని మన విద్యార్థులు గుర్తించవలెను.

పిమ్మట ఓవెను లండను చేరి, లండను వంతెనమీది యొక పెద్ద బట్టల కొట్టులో ఏడాదికి 25 పౌనుల జీతమునకు కుదిరెను. ఆ కొట్టులో పని మిక్కుటము. బేరములు ముమ్మరముగా సాగు కాలమున ఉదయము 8 గంటలకు నిలిచిన పిల్లలు రాత్రి రెండు గంటల వరకు కూర్చుండుటకు వీలులేకుండెను. చెదరిన గుడ్డలన్నియు మడత పెట్టి, మెట్ల పిడిని పట్టుకొని కాళ్లీడ్చుకొనుచు మేడమీది పడకకు పోవలసివచ్చెడిది. ఈ అనుభవమును ఓవెను ఎన్నడును మరువలేదు. తరువాత వేలమంది పనివారికి యజమానియైనను, అలసిన కాళ్ల నొప్పి యెట్టిదో అతనికి ఒకరు చెప్పవలసిన పని లేకుండెను.

అక్కడనుండి మాంచెస్టరు పట్టణమునకు పోయి మరియొక కొట్టులో 40 పౌనుల జీతమునకు చేరెను. ఆ పట్టణము అప్పుడు చూచుచుండగానే పెరుగుచుండెను. నీటి బలముతోను ఆవిరి బలముతోను తిరుగు యంత్రములు వచ్చుటచేత, ఇంటింట రాట్నము పెట్టుకొని నూలు వడకుచుండినవారి పని మిల్లులలోనికి పోయెను. పల్లెజనము పట్టణమున వచ్చి పడిరి. ఇండ్లు చాలక నేలమాళిగలలో సయితము కుటుంబములు తలదాచుకొనెను. తెగిన పోగులు అతుకుటకును, యంత్రముల క్రింద దూరి దూదిని ఊడ్చుటకును చిన్న చేతులే తగినవని యజమానులు తలంచిరి. ఏడెనిమిదేండ్ల బిడ్డలు దినమునకు పదమూడు, పదునాలుగు గంటలు పని చేయుచుండిరి. ఇంట తిండి లేకపోవుటచే తలిదండ్రులే వారిని తెచ్చి అప్పగించుచుండిరి.

ఓవెను తన అన్నయొద్ద 100 పౌనులు అప్పు తెచ్చి, మరియొకనితో కలిసి నూలు యంత్రములు చేయించు వ్యాపారము మొదలిడెను. కొలది కాలమునకు ఆ పొత్తు విడిపోగా మూడు యంత్రములతో తానే నూలు తీయసాగెను. 1792లో డ్రింక్‌వాటరు అను ధనికుడు తన మిల్లునకు మేనేజరు కావలెనని పత్రికలో ప్రకటించెను. ఓవెనుకు అప్పటికి ఇరువదియొక్క యేండ్లు నిండియు నిండకుండెను. వారమునకెన్ని మారులు త్రాగుదువని ఆ ధనికుడు మొదట ప్రశ్నింపగా, ఎన్నడును త్రాగి యెరుగని ఓవెను సిగ్గుపడెను. జీతమెంతయని అడుగగా 300 పౌనులనెను. ఆ ఉదయమున వచ్చినవారందరును కలిసి అడిగినదియు అంత కాలేదని ధనికుడు విస్తుపోయెను. తన మూడు యంత్రములమీద అంత వచ్చుచున్నదని ఓవెను లెక్క చూపగా ఉద్యోగము దొరకెను. ఆ మిల్లులో 500 మంది పనివారు గలరు. ఆరు వారములు అతడు ఎవరికిని ఆజ్ఞ ఇయ్యక, అందరికంటె ముందు వచ్చి అందరి వెనుక పోవుచు, పని జరుగు తీరును మౌనముగా కనిపెట్టెను. పిమ్మట ఒక్కొక్కటే చక్కదిద్దెను.

ఇప్పుడు మన కథ స్కాట్లండునకు పోవలెను. గ్లాస్గో నగరమున డేవిడు డేలు అను పుణ్యాత్ముడు వసించుచుండెను. బాల్యమున పశువులు కాచి, నేతపని నేర్చి, నూలు వ్యాపారమువలన ధనవంతుడయ్యెను. ఆదివారములందు తన సంఘమున తానే ప్రసంగము చేసెడివాడు. కరవు వచ్చినప్పుడు పరదేశములనుండి ధాన్యము తెప్పించి పేదలకు చౌకగా ఇప్పించెను. ఇతడు క్లైడు నది జలపాతముల చెంత న్యూ లానార్కు అను తావున మిల్లులు కట్టింపగా, 1786లో నూలు తీయుట ప్రారంభమయ్యెను. ఆ లోయలో అంతకుముందు ఊరు లేదు. దూరమునకు వచ్చి మిల్లులో పని చేయుటకు స్కాట్లండు జనులు ఇష్టపడకపోవుటచేత, ఎడింబరో, గ్లాస్గో నగరముల అనాథశాలలనుండి పిల్లలను తెచ్చి పెట్టుకొనిరి. వారు సుమారు 500 మంది. కొందరు ఆరేడేండ్ల పసివారు.

డేలు ఆ బిడ్డలను ఇతర యజమానులవలె చూడలేదు. వారికి శుభ్రమైన పడకగదులు, మంచి తిండి, బట్టలు, వైద్యుడు, ఉపాధ్యాయులు, అన్నియు ఏర్పరచెను. చూడవచ్చినవారందరు అతని దయను కొనియాడిరి. కాని పని వేళ మాత్రము ఉదయము ఆరు గంటలనుండి సాయంకాలము ఏడు గంటల వరకు. చదువు ఆ మీదట మొదలయ్యెడిది. పదమూడు గంటలు మిల్లులోనే గడపిన బిడ్డ రాత్రి దీపము ముందు పుస్తకము తెరచిన ఏమి నేర్చును? కన్నులు మూతపడెడివి. చదువన్న ద్వేషము పుట్టెడిది. కొందరు ఎదుగుదల లేక పొట్టివారైరి. కొందరి అవయవములు వంకరపోయెను. డేలు మనస్సులో లోపము లేదు. అతని దయ నిజమైనది. అయితే ఆ దయయంతయు దినపు పని ముగిసిన పిమ్మట వచ్చుచుండెను. ఓవెను చూచి నేర్చుకొన్న మొదటి పాఠమిది.

వ్యాపారము నిమిత్తము గ్లాస్గోకు వచ్చుచుండిన ఓవెనుకు డేలు పెద్ద కుమార్తెయైన కారొలీనుతో పరిచయము కలిగెను. ఆమె మిల్లులను చూపించెను. అతడు ఆ తావును, ఆమెను కూడ కోరుకొనెను. తన భాగస్థులతో కలిసి 60,000 పౌనులకు మిల్లులను కొని, 1799 సెప్టెంబరు 30వ తేదీన కారొలీనును వివాహమాడెను. 1800వ సంవత్సరము జనవరి 1వ తేదీన న్యూ లానార్కు పాలనము చేపట్టెను. అప్పుడచ్చట సుమారు రెండు వేలమంది జనముండిరి.

పనివారు అతనిని నమ్మలేదు. అతడు పరదేశీయుడు, వారి యాస అతనికి రాదు, అతని మాట వారికి తెలియదు. క్రొత్త యజమాని తమనుండి మరింత పని పిండుకొనుటకే వచ్చినాడని తలంచిరి. ఊరిలో త్రాగుడు, దొంగతనము, పోట్లాట మిక్కిలిగా నుండెను. ఓవెను కఠిన దండనములకు పూనుకొనలేదు. మనుష్యుని నడవడి అతడు పెరిగిన పరిస్థితులవలన ఏర్పడుననియు, పరిస్థితులు మారిన నడవడియు మారుననియు అతని దృఢవిశ్వాసము. అనాథశాలల పిల్లలను క్రొత్తగా చేర్చుకొనుట మానివేసెను. పదేండ్లు నిండనివారిని మిల్లులోనికి రానీయలేదు. కుటుంబములు వచ్చి కాపురముండునట్లు ఇండ్లు పెంచెను. వీధులలోని పెంటకుప్పలను తీసివేయించెను.

ఆ ఊరి దుకాణములలో కల్తీ సరకును అరువు పెట్టి అధిక ధరకు అమ్ముచుండిరి. కూలివాని చేతికి వచ్చిన డబ్బు దుకాణదారుని బాకీక్రిందనే పోవుచుండెను. ఓవెను మిల్లు తరఫున నొక అంగడి తెరచి, మంచి సరకును టోకున కొని, కొనుబడి ధరకు కొంచెము హెచ్చుగా మాత్రమే అమ్మించెను. దీనివలన పనివారికి ఇంటి ఖర్చులో నూటికి 25 వంతు మిగులుచుండెనని అతడు లెక్క వేసెను. ఆ అంగడిలో మిగిలిన లాభము పిల్లల బడికి పోయెడిది. పనివారు తమ కూలిలో అరువదవ వంతు ఒక నిధికి ఇయ్యగా, రోగము వచ్చినను, గాయము తగిలినను, ముసలితనము క్రమ్మినను దానినుండి సాయము లభించెడిది. కూలి పెంచక, అదే కూలి ఎక్కువ దూరము పోవునట్లు చేసిన ఉపాయములివి.

పనిలో క్రమము కొరకు అతడు చేసిన యేర్పాటు ఒకటి విచిత్రమైనది. ప్రతి పనివాని చెంతను నాలుగు ప్రక్కలుగల చిన్న కొయ్యముక్క నొకదానిని వ్రేలాడ గట్టించెను. నలుపు ప్రక్క చెడుపనికి, నీలము నడితరపు పనికి, పసుపు మంచి పనికి, తెలుపు మిక్కిలి మంచి పనికి గుర్తులు. నిన్నటి పనిని బట్టి నేడు ఒక రంగు పైకి కనబడెడిది. ఓవెను మిల్లులో నడచిపోవుచు ఆ రంగులను చూచెడివాడే కాని ఒక్క మాటయు అనెడివాడు కాడు. తనకు అన్యాయము జరిగినదని తలంచినవాడు నేరుగా అతనితోనే మొరపెట్టుకొనవచ్చును. మొదట నలుపులే అధికముగా నుండి, ఏండ్లు గడచిన కొలది పసుపులును తెలుపులును హెచ్చెను. ఈ రంగుల పద్ధతి నేటి పాఠకులకు కొంత ఇబ్బందిగా తోపవచ్చును. మాకును అట్లే తోచుచున్నది. అయినను బెత్తము, జుల్మానా రాజ్యము చేయుచుండిన కాలమున ఇది గొప్ప మార్పే.

ఇన్ని చేసినను పనివారి మనస్సు పూర్తిగా కరగలేదు. దానిని కరగించినది ఒక కష్టకాలము. 1806 మొదలు 1808 వరకు గల దినములలో బ్రిటనునకును అమెరికా సంయుక్త రాష్ట్రములకును వైరము పెరిగి ప్రత్తి రాకపోకలు చెడెను. ప్రత్తి ధర ఆకాశమునంటెను. మిల్లులు మూతపడి పనివారు వీధులపాలైరి. ఓవెనుయు యంత్రములను ఆపెను, కాని ఒక్క పనివానిని తీసివేయలేదు. నాలుగు నెలలపాటు యంత్రములను తుడుచుట, నూనె పెట్టుట తప్ప వేరు పని లేకున్నను అందరికిని పూర్తి కూలి ఇచ్చెను. అందుకైన ఖర్చు 7,000 పౌనులకు మించెను. నాటితో శంక తీరెను. ఆరేడేండ్లు మాటలవలన కాని పని నాలుగు నెలల కూలివలన ఆయెను.

భాగస్థులకు మాత్రము ఈ ఖర్చులు కంటికి కారముగా నుండెను. బడి ఏల, తోట ఏల, లాభము పంచుమని వారు పట్టుపట్టిరి. కడకు 1813లో మిల్లులను వేలమునకు పెట్టిరి. ఓవెను లండనుకు పోయి, తన ఆశయములకు ఒప్పుకొను క్రొత్త భాగస్థులను సంపాదించెను. వారిలో తత్త్వవేత్తయైన జెరమీ బెంథాము, క్వేకరు సంఘీయుడును పరోపకారియునైన విలియము అల్లెను ముఖ్యులు. పెట్టిన సొమ్ముమీద నూటికి 5 వంతులకు మించి లాభము పుచ్చుకొనక, మిగిలినది పిల్లల చదువునకును పనివారి క్షేమమునకును వాడవలెనని వారు ఒడంబడిరి. వేలములో 1,14,100 పౌనులకు మిల్లులు వారి వశమయ్యెను. ఓవెను తిరిగి వచ్చునప్పుడు జనులు ఎదురుపోయి, బండి గుఱ్ఱములను విప్పివేసి, తామే బండిని లాగుకొని ఊరిలోనికి తెచ్చిరి.

ఓవెను పనులన్నింటిలోను మన పాఠశాలకు ప్రియమైనది అతని బడి. 1816 జనవరి 1వ తేదీన దానిని తెరచెను. నడక వచ్చిన పసిపిల్లలు మొదలుకొని అందులో చేర్చుకొనిరి. అంత చిన్నవారికి బడి పెట్టుట బ్రిటను దేశమున అదే మొదలని చెప్పుదురు. పసివారిని చూచుటకు బుకానను అను నేతపనివానిని, పదునేడేండ్ల మిల్లుపిల్ల యొకతెను నియమించెను. వారికి చదువు అంతగా లేదు. పిల్లలనిన ప్రేమయు ఓర్పును కలవు. ఎట్టి స్థితిలోను బిడ్డను కొట్టరాదు, బెదిరింపరాదు, పరుషముగా పలుకరాదు అనునవి వారికిచ్చిన కట్టడలు. తోడిపిల్లలను సంతోషపెట్టవలెననునది బిడ్డలకు నేర్పిన మొదటి పాఠము. గోడలమీద జంతువుల బొమ్మలు, పెద్ద దేశపటములు వ్రేలాడుచుండెడివి. పాటలు, ఆటలు, నృత్యములు కలవు. పెద్దపిల్లలకు నెలకు 3 పెన్నీలు మాత్రమే జీతము. పనివారి గంటలు కూడ ఆ దినమునుండియే తగ్గి, భోజనకాలము పోగా దినమునకు పదిముప్పావు గంటలయ్యెను. కనుక ఇప్పుడు రాత్రి బడికి వచ్చినవారి కన్నులు మూతపడలేదు. డేలు బడికిని ఓవెను బడికిని గల భేదము గోడలలో లేదు, గంటలలో కలదు.

ఈ వింతను చూచుటకు దేశదేశములవారు వచ్చిరి. 1815 మొదలు 1825 వరకు సుమారు 20,000 మంది వచ్చిరని సందర్శకుల పుస్తకము తెలుపుచున్నది. పిమ్మట రష్యా చక్రవర్తియైన నికొలాసు కూడ యువరాజుగా నుండి వచ్చి చూచెను. పనివారిని బాగుగా చూచినను మిల్లు లాభము తీయగలదని లెక్కలు ఋజువు చేయుచుండెను.

అయితే ఒక మిల్లులో బిడ్డలు సుఖపడినంతమాత్రమున తక్కిన మిల్లుల బిడ్డల సంగతి యేమి? యజమాని మంచివాడైన బిడ్డ బ్రదుకును, చెడ్డవాడైన నశించును అనుట న్యాయమా? ఇందులకు శాసనమే మార్గమని ఓవెను 1815లో ఉద్యమము ప్రారంభించెను. తన కుమారుని వెంటబెట్టుకొని దేశమంతట మిల్లులు తిరిగి సంగతులు సేకరించెను. పదేండ్లలోపువారిని పనిలో పెట్టరాదనియు, పిల్లల పని దినమునకు పదిన్నర గంటలు మించరాదనియు, తనిఖీ చేయుటకు అధికారులుండవలెననియు కోరెను. నాలుగేండ్లు యజమానులు అడ్డుతగిలిరి. 1819లో వెలువడిన చట్టము కుంటిది. తొమ్మిదేండ్లలోపువారిని మాత్రమే నిషేధించి, పదునారేండ్ల వరకు పన్నెండు గంటలు అనుమతించెను. అదియు ప్రత్తి మిల్లులకు మాత్రమే. తగిన తనిఖీదారులు 1833 నాటి చట్టముతో గాని రాలేదు. ఓవెను నిరాశపడెను. అయినను బిడ్డ ఎన్ని గంటలు పని చేయవలెనో చెప్పు హక్కు ప్రజలకు గలదను నియమము ఆ కుంటి చట్టమువలననే బలపడెను.

ఇంతవరకు జయమే. ఇకమీద అపజయములు. వానిని దాచుట చరిత్రకారుని ధర్మము కాదు. 1817లో లండనున జరిగిన మహాసభలో ఓవెను సర్వమతములను బహిరంగముగా ఖండించెను. అంతవరకు అతనిని మెచ్చిన గొప్పవారనేకులు తొలగిపోయిరి. విశ్వాసవతియైన భార్యకు అది తీరని వ్యథ. బడిలో వేదబోధ విషయమునను, నృత్యముల విషయమునను అల్లెనుతో కలహము పెరిగి, కొలది యేండ్లకు మిల్లు పాలనము అతని చేయి జారెను. మతవిషయమున అతని అభిప్రాయములు మావి కావు. అయినను పసిబిడ్డకు చేసిన మేలును ఎవరు చేసిరని మేము తూచము.

1825లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రమున న్యూ హార్మొనీ అను ఊరిని కొని, అందరును సమానముగా శ్రమించి సమానముగా అనుభవించు సమాజమును స్థాపించెను. ఎవరు వచ్చినను చేర్చుకొనిరి. మాటలవారు మెండు, నాగలి పట్టువారు తక్కువ. తగవులు పెరిగి రెండేండ్లకే అది చెదరెను. ఓవెను ఆస్తిలో ఐదింట నాలుగు పాళ్లు అందులో హరించెను. అతడు దేశములు తిరుగుచుండగా కారొలీను స్కాట్లండులోనే యుండి ఇల్లు నడపి, 1831లో మరణించెను. లోకమునకు మేలు చేయువాని ఇంట ఒంటరితనము ఎవరి పాలబడునో ఆమె జీవితము చెప్పుచున్నది. అతని కుమారులు అమెరికాలోనే నిలిచి పేరు గాంచిరి.

అటుపిమ్మట ఓవెను పనివారి సంఘములలో కలిసెను. 1834లో దేశమంతటి కార్మికులను ఏకము చేయదలచిన మహాసంఘమునకు నాయకుడయ్యెను. సంఘము కట్టినందులకు ద్వీపాంతర శిక్ష పడిన టాల్‌పడిలు గ్రామపు కూలీల విడుదలకై లండనున జరిగిన గొప్ప ఊరేగింపులో నడచెను. ఆ మహాసంఘమును ఏడాది తిరుగకుండ కూలెను.

అయితే అతడు చల్లిన విత్తనమొకటి అతడు లేనిచోట మొలచెను. మాంచెస్టరునకు సమీపమున రాచ్‌డేలు అను నేతపట్టణము గలదు. 1844లో అచ్చటి పనివారు 28 మంది, వారిలో కొందరు ఓవెను ఉపదేశములు విన్నవారు, ఒక్కొక్క పౌను చొప్పున కూడబెట్టి, టోడ్‌లేను అను వీధిలో చిన్న అంగడి పెట్టిరి. డిసెంబరు 21వ తేదీ రాత్రి తలుపులు తెరచునప్పటికి అందున్నది కొంచెము వెన్న, పంచదార, గోధుమపిండి, ఓట్లపిండి, కొవ్వొత్తులు. కల్తీ లేని సరకు, సరియైన తూకము, రొక్కపు బేరము, కొనినదానిని బట్టి లాభములో పాలు, ఆస్తి ఎంతయైనను ఒక్కొక్కరికి ఒక్క ఓటు. ఇవి వారి కట్టుబాట్లు. న్యూ లానార్కు అంగడి యజమాని పెట్టినది. రాచ్‌డేలు అంగడి పనివారు తామే పెట్టుకొన్నది. ఇందుచేతనే అది నిలిచి, లోకమంతట వ్యాపించెను.

ఈ పోలికవలననే ఓవెను లోపము కూడ తెలియుచున్నది. అతడు పనివారికి చాల ఇచ్చెను, కాని వారిని అడిగినది తక్కువ. వారికేది మేలో తానే నిర్ణయించెను. తండ్రి బిడ్డలను చూచునట్లు చూచెనే కాని సోదరునివలె ప్రక్కన కూర్చుండబెట్టుకొనలేదు. మరియొకటి గలదు. ఆ మిల్లులలో వడకిన ప్రత్తి బానిసల చెమటతో పండినది. న్యూ లానార్కు బిడ్డకు బడి దొరకినప్పుడు, ఆ ప్రత్తి ఏరిన నీగ్రో బిడ్డకు బడి లేదు, తల్లియు తనది కాదు. మన తెలుగు దేశమునకును ఇందు సంబంధము గలదు. 1813లో ఇండియా వ్యాపారముమీద ఈస్టిండియా కంపెనీకి గల గుత్తహక్కు తీసివేయబడిన పిమ్మట, ఇంగ్లండు యంత్రపు నూలును గుడ్డలును మన రేవులలో విరివిగా దిగసాగెను. రాట్నము త్రిప్పుకొని గంజి త్రాగుచుండిన మన ముదుసళ్లు ఆ కూలి పోగొట్టుకొనిరి. మంచి మిల్లు కూడ దూరముననున్న పేదవానికి మంచిదగునని నిశ్చయము లేదు.

అయినను మేలు కూడ సముద్రము దాటి వచ్చినది. 1904లో ఇండియాలో సహకార సంఘముల చట్టము వచ్చెను. ఆ యేడే చెన్నపట్టణమున తిరువల్లికేణిలో రాచ్‌డేలు మాదిరిని సహకార అంగడి వెలసెను. నేడు మన ఊళ్లలోని చేనేత సహకార సంఘములు, పాల సంఘములు, పరపతి సంఘములు ఆ వంశములోనివే.

ఓవెను వృద్ధాప్యమున 1858లో లివర్‌పూలు సభకు పోయి జబ్బుపడి, తాను పుట్టిన న్యూటౌనునకు చేర్చబడెను. నవంబరు 17వ తేదీన, ఎనుబదియేడేండ్ల వయస్సున, తన జన్మగృహమునకు చేరువనే ప్రాణము విడిచెను. తలిదండ్రుల ప్రక్కనే సమాధి చేసిరి. 1902లో సహకార సంఘములవారు ఆ సమాధిని బాగుచేయించిరి. న్యూ లానార్కు మిల్లులు 1968లో ఆగిపోయినను, 2001లో ఆ గ్రామము ప్రపంచ వారసత్వ స్థలముగా ప్రకటింపబడి నేటికిని నిలిచియున్నది.

విద్యార్థులారా, ఈ యేడును పిడికెడు బియ్యము తప్పక తెండు. తలిదండ్రులు ఆ కుండను ఎండనీయకుందురు గాక. అయితే ఆ బియ్యము ఎవరి ఇంటికి మోసికొనిపోవుదురో ఆ ఇంటి గడపమీద ఒక్క క్షణము నిలువుడు. ఆ ఇంటి తండ్రి ఎన్ని గంటలు పని చేయునో, ఎంత కూలి వచ్చునో, సరకు ఏ అంగడిలో ఏ ధరకు కొనునో, ఆ ఇంటి బిడ్డ మీ తరగతిలో ఏల లేడో తెలిసికొనుడు. వారికేమి కావలెనో వారినే అడుగుడు. ఓవెను ఇందులో కొంత చేసెను, కొంత మరచెను. అతడు చేసినది మనము నేర్చుకొందము. మరచినది మనము చేయుదము.